హెలికాప్టర్ మూడు చుట్లు

శనివారం పొద్దున్నే కృష్ణవేణి పులిహోర కలిపింది. ఆట ఉన్న రోజు ఎప్పుడూ పులిహోరే. ఎండకి పాడవదు. పక్క సీట్లవాళ్ళకి పెట్టినా సరిపోతుంది.

పోపు వేస్తుంటే మోచెయ్యి తగిలి ఆవాల డబ్బా గట్టు మీంచి జారింది. ఆవిడ ఊపిరి ఆగింది. డబ్బా మోకాలి ఎత్తులో ఆగింది. ఒలికిన ఆవాలు దాని చుట్టూ గాల్లో నిలబడ్డాయి. ఆవిడ స్టవ్ తగ్గించి, వంగి, డబ్బా అందుకుని, ఆవాలన్నీ అందులోకి తోడి మూత పెట్టి, అప్పుడు ఊపిరి వదిలింది. నాలుగైదు మిగిలిపోయినట్టున్నాయి, నేల మీద టపటపమన్నాయి.

ఆవిడ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా గాజు గ్లాసు పగల్లేదు. నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళెవరికైనా ఎత్తులో బల్బు మార్చాల్సి వస్తే ముందు ఆవిడకి ఫోన్ చేస్తారు. వెనక వీధి చక్రపాణి గారు ఇంటి కప్పు చుట్టూ ఆకులు తీయడానికి నిచ్చెన ఎక్కే రోజు ఆవిడ్ని పిలిచి గడ్డిలో కుర్చీ వేస్తారు. "మీరలా పైకి చూస్తూ ఉండండి, చాలు" అంటారు. టీ ఇస్తారు.

మొదటిసారి జరిగింది కూతురు దేదీప్యకి, అంటే దీపూకి, నాలుగేళ్ళప్పుడు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు మెట్లు. పిల్ల కాలు జారింది. కృష్ణవేణికి ఊపిరి ఆగిపోయింది. పిల్ల మెట్లకి పైన గాల్లో ఉండిపోయింది, ఆరేసిన గౌనులాగా. ఆవిడ నాలుగు మెట్లు దిగి, చంకనేసుకుని, గుమ్మంలో కూర్చుని గంటసేపు వణికింది. ఆ వణుకు లోపలెక్కడో ఉండిపోయింది. ఏదైనా పడుతుంటే చాలు, కంటికి కనపడగానే ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది. ఊపిరి బిగబట్టినంతసేపు అది పడదు. వదలగానే పడుతుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పిల్ల పదో ఏట సాఫ్ట్‌బాల్‌లో, బేస్‌బాల్ లాంటి ఆటలో, చేరింది. అందులోనూ క్యాచర్. బ్యాట్ పట్టుకున్నవాళ్ళ వెనక ముసుగేసుకుని గొంతుక్కూర్చుని, వచ్చిన బంతినల్లా పట్టుకునే పని. మొదటి ఆటలోనే ఒక బంతి నిట్టనిలువుగా లేచి, కిందికి వస్తూ వస్తూ, రెండు నిలువుల ఎత్తులో ఆగిపోయింది. పిల్లలందరూ దాని కింద మెడలెత్తి నిలబడ్డారు. అంపైర్ రస్ వాచీ చూసుకుని, ముసుగు తీసి, కంచె దగ్గరికి వచ్చాడు.

"మీరేనా?"

ఆవిడ తలూపింది. మాట్లాడితే ఊపిరి బయటికొచ్చేస్తుంది.

"పర్లేదు. కుర్చీ కొంచెం అటు తిప్పుకుంటారా?"

అటు అంటే పార్కింగ్ లాట్. తిప్పుకుంది. ఆ రూల్ ఏ పుస్తకంలోనూ లేదు. ఒక అంపైర్ ఇంకో అంపైర్‌కి చెప్పాడు, ఆయన మరొకరికి. హైస్కూల్, కాలేజీ, మొత్తం పన్నెండేళ్ళు. కార్లు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక కూతురి వేళ్ళకి ఐస్ పెట్టింది. మోకాళ్ళకి పసుపు రాసింది. కూతురు బంతి పట్టుకోవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

చూసి చెప్పేది పక్కింటి సుబ్బులు. రాజమండ్రి మనిషి. ఆ ఆట అర్థం కావడానికి ఆవిడకి రెండేళ్ళు పట్టింది, అర్థమయ్యాక ఇక నోరు ఆగలేదు. కృష్ణవేణి పది మాటలు మాట్లాడే చోట సుబ్బులు వంద మాట్లాడుతుంది. ఆ ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే, ఒకటి ఇటు తిరిగి, ఒకటి అటు తిరిగి. కృష్ణవేణి భర్త సూర్యప్రకాశరావు చాండ్లర్ అనే దూరపు ఊరికి ప్రాజెక్ట్ మీద వెళ్ళినప్పట్నించీ ఆయన కూడా ఫోన్ స్పీకర్‌లో సుబ్బులు మాటలే వింటున్నాడు.

*

2011 మేలో దేదీప్య డిగ్రీ అయిపోయింది. దాంతో సాఫ్ట్‌బాల్ కూడా అయిపోయింది. సిటీలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. జూలై పద్దెనిమిది, సోమవారం చేరాలి. గ్లవ్స్ అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, దాని మీద ఏమీ రాయకుండా గరాజ్‌లో పెట్టుకుంది. కృష్ణవేణి చూసింది.

జూన్ చివర్లో వెర్న్ కోజ్లిక్ ఫోన్ చేశాడు. నేపర్‌విల్‌కి ఇరవై నిమిషాల దూరంలో హెరాన్స్ అని చిన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ టీం ఉంది, దానికి ఓనర్. 1911లో టీం పెట్టింది ఆయన తాత. ఆ తాతకి గెలుపు కంటే జనం ముఖ్యం. ఫస్ట్ బేస్ కాపలాకి మనిషికి బదులు మేకని నిలబెట్టాడట. హోమ్ ప్లేట్ మీద, అంటే బ్యాట్ పట్టుకుని నిలబడే చోట, ఒక పెళ్ళి చేయించి, పెళ్ళికూతురు వచ్చేదాకా ఆట ఆపాడట. పక్క ఊరి టీం వస్తే వాళ్ళ గదిలో అన్నీ ఎడమకాలి బూట్లే పెట్టించాడట. ఒక్కటే ఆయన వల్ల కాలేదు. విమానంలోంచి, ఐదువందల అడుగుల నించి పడేసిన బంతిని గ్రౌండ్‌లో పట్టించడం. పట్టుకుంటానన్న క్యాచర్ ఆ పొద్దున్న రైలెక్కి వెళ్ళిపోయాడు.

"నూరేళ్ళయింది" అన్నాడు వెర్న్. "ఈసారి రైలెక్కని క్యాచర్ కావాలి. మూడు బంతులు. ఒక్కటి పట్టుకో. సీజన్ చివరిదాకా నువ్వు హెరాన్స్ ప్లేయర్‌వి, జీతం, జెర్సీ, అన్నీ. పట్టుకోలేకపోతే ఒక ఫోటో, ఒక హాట్ డాగ్."

పోస్టర్ మీద ఆడపిల్ల ఉంటే టికెట్లు ఎక్కువ పోతాయని కూడా దాచకుండా చెప్పాడు.

"తమాషాకి పిలిచినా పర్లేదు" అంది దేదీప్య తల్లితో. "లోపలికి వెళ్ళాక నేను ఆడతా."

రెండు వారాలు టీంతో ప్రాక్టీస్ చేసింది. వాళ్ళు ఆమె బూట్లని బెంచీకి మేకులేసి కొట్టారు. గ్లవ్‌లో షేవింగ్ క్రీమ్ నింపారు. హెల్మెట్‌లో కప్పని పెట్టారు. అన్నిటికీ పెద్ద ట్రేవిస్ అనే పిచర్, బంతులు విసిరేవాడు. మూడో రోజు అతను నములుతూ ఉండే పొద్దుతిరుగుడు గింజల ప్యాకెట్‌లో దేదీప్య ఇంట్లోంచి తెచ్చిన ఆవకాయ పిండి కలిపింది. ట్రేవిస్ గ్రౌండ్ తడిపే గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్ళు తాగాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, అది ఏ షాపులో దొరుకుతుందని అడిగాడు. అప్పట్నించి ఆమెని ఎవరైనా ఏమైనా అంటే ముందు అతనే లేచేవాడు.

*

ఆటకి ముందురోజు, శుక్రవారం సాయంత్రం, కృష్ణవేణి ఇండియన్ షాపులో బూడిద గుమ్మడికాయ కొంది. ఎనిమిది పౌండ్లు. పైన చిన్న ముక్క కోసి, లోపల గుజ్జు కొంచెం తీసి, పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు నింపి, ముక్క తిరిగి మూసి, తెల్లటి పాత పంచె ముక్కలో కట్టింది. కూతురికి పెద్ద ఆట ఉన్నప్పుడల్లా చేస్తుంది. చుట్టూ మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాలి. ఇంటి ముందు కొడితే కాలనీ వాళ్ళు ఉత్తరం రాశారు, అందుకని శనివారం గ్రౌండ్‌కే తీసుకొచ్చింది.

గేటు దగ్గర అగ్గిపెట్టె, కర్పూరం తీసేసుకున్నారు. గుమ్మడికాయని అటూ ఇటూ తిప్పి చూసి, తినే వస్తువే కదా అని వదిలేశారు.

"ఆట అయ్యాక పార్కింగ్ లాట్‌లో కొడదాం అమ్మా" అంది దేదీప్య. కంచె అవతల, పాతకాలపు బూడిదరంగు జెర్సీలో, జుట్టు బిగించి కట్టుకుని నిలబడి ఉంది. "ఇప్పుడు అందరూ చూస్తున్నారు."

"దిష్టి ముందే తీయాలే."

"అమ్మా. విను. నువ్వు ఇటు తిరగొద్దు. వెర్న్ ఒప్పందం పేపర్‌లో రాశాడు. బంతి గాల్లో ఆగితే క్యాచ్ కాదు. కాంట్రాక్ట్ లేదు. సోమవారం నేను ట్రెయిన్‌లో ఉంటా."

"తిరగను."

"నువ్వు భయపడకు."

"అంత ఎత్తు నించి..."

"హెల్మెట్ ఉంది. గ్లవ్ ఉంది. నేను ఉన్నాను."

కృష్ణవేణి తలూపి, కుర్చీని పార్కింగ్ లాట్ వైపు వేసుకుని కూర్చుంది. గుమ్మడికాయని కూలర్ పెట్టెలో పెట్టి సుబ్బులు కాళ్ళ దగ్గరికి తోసింది. తర్వాత సీసాలో నీళ్ళు పట్టుకొద్దామని లేచి వెళ్ళింది.

ఆ కాసేపట్లోనే ట్రేవిస్ అటు వచ్చాడు. హెలికాప్టర్‌లో పైకి వెళ్ళి బంతులు వదిలేది అతనే. పులిహోర వాసన చూసి ఆగాడు. సుబ్బులు ప్లేట్‌లో పెట్టి ఇచ్చింది. తింటూ పెట్టెలోకి చూశాడు.

"అదేంటి మేడమ్?"

"దీపూ కోసం" అంది సుబ్బులు తన ఇంగ్లీషులో. "అది చాలా ముఖ్యం. దాని నెత్తి మీద మూడుసార్లు గుండ్రంగా తిప్పాలి. తర్వాత కింద పడేసి పగలగొట్టాలి. ఎంత గట్టిగా పగిలితే అంత మంచిది. చెడు చూపంతా పోతుంది."

"మరి పగలగొట్టలేదేం?"

"వీళ్ళు నిప్పు తీసేసుకున్నారు. అమ్మాయేమో ఆట అయ్యాక అంటోంది. ముందే చెయ్యాలి నాయనా, అయ్యాక చేస్తే ఏం లాభం?"

"వాళ్ళమ్మే చెయ్యాలా?"

"ఎవరైనా చెయ్యొచ్చు. మంచి మనసుంటే చాలు."

ట్రేవిస్ ప్లేట్ ఖాళీ చేసి, థాంక్స్ చెప్పి, ఆకాశం వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదైన కుర్రాడో అని సుబ్బులు ఫోన్‌లో సూర్యప్రకాశరావుకి చెప్పింది.

*

ఒంటిగంటకి హెలికాప్టర్ లేచింది. నాలుగు వేలమంది. వెర్న్ వాళ్ళ తాతలాగే గీతల కోటు వేసుకుని, మైకులో అరుస్తున్నాడు. బ్యాండ్ వాయిస్తోంది. కృష్ణవేణి కళ్ళ ముందు వరసగా కార్లు, ఎండకి మెరుస్తూ. వీపు వెనక కూతురు.

"హోమ్ ప్లేట్ దగ్గరకొచ్చింది" సుబ్బులు మొదలుపెట్టింది. "అన్నయ్య గారూ, వినపడుతోందా? హెల్మెట్ పెట్టుకుంది. పైకి చూస్తోంది. హెలికాప్టర్ ఇంతే ఉంది, ఈగంత. వదిలాడు. వదిలాడు వేణీ. నాకేం కనపట్లేదు. దీపూ ముందుకి పరిగెడుతోంది, కాదు, వెనక్కి... అయ్యో."

థప్పుమని దూరంగా చప్పుడు. జనం మూలిగారు.

"ఏమైంది?" ఫోన్‌లో సూర్యప్రకాశరావు.

"గాలికి కొట్టుకుపోయిందండీ. ఇరవై అడుగుల అవతల పడింది. నేలలో గుంట పడింది అన్నయ్య గారూ, గుంట."

కృష్ణవేణి చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"రెండోది. వదిలాడు. ఈసారి చూసింది, చూసింది, కిందికే వెళ్ళింది, గ్లవ్ ఎత్తింది..."

చప్పట్లాంటి చప్పుడొకటి. ఊరంతా ఒకేసారి ఊపిరి పీల్చినట్టు. తర్వాత నిట్టూర్పు.

"తగిలింది వేణీ. గ్లవ్‌కి తగిలి ఎగిరిపోయింది. అంచుకి తగిలింది. ఒక్క అడుగు ఇటుంటే... దీపూ బొటనవేలు పట్టుకుని వంగింది. అంపైర్ వచ్చాడు, మన పాత రస్సే. చూస్తున్నాడు. ఏం లేదట. లేచింది."

"రక్తం వస్తోందా?"

"లేదే. నువ్వు తిరగకు."

"తిరగట్లేదు."

"ఇంకొక్కటే ఉందా?" అన్నాడు సూర్యప్రకాశరావు.

హెలికాప్టర్ చప్పుడు మారింది. దగ్గరికొచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికొచ్చింది.

"ఏం చేస్తోందక్కా అది?"

"తిరుగుతోంది. దీపూ నెత్తి మీదే గుండ్రంగా తిరుగుతోంది. అచ్చం దిష్టి తీసినట్టే ఉంది చూడు" అని సుబ్బులు నవ్వింది. "ఒకటైంది. మళ్ళీ తిరుగుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు."

"ఎన్ని చుట్లు?"

"రెండు. ఇదిగో, మూడోది. నెత్తి మీదికొచ్చి ఆగింది." సుబ్బులు నవ్వు ఆగింది. కాలితో కూలర్ పెట్టె మూత తోసింది. "వేణీ, కాయ నువ్వు తీశావా?"

"ఏ కాయ?"

"పెట్టెలో లేదే. ఇందాక అందరం లేచి నిలబడి జాతీయగీతం పాడామా... ఆ కుర్రాడు అడిగాడే, నేనే చెప్పాను, మూడుసార్లు తిప్పి పడెయ్యాలని..."

కృష్ణవేణి తిరిగింది.

పన్నెండేళ్ళ తర్వాత తిరిగింది. గ్రౌండ్ ఆవిడ అనుకున్నదానికంటే పచ్చగా ఉంది. మధ్యలో కూతురు, ఇంతే ఉంది, గ్లవ్ నెత్తి మీదికి ఎత్తి, ఎండకి కళ్ళు చిట్లించి. దాని పైన తెల్లగా, బంతి కాని బంతి, పెద్దదవుతూ వస్తోంది.

ఊపిరి ఆగింది.

గుమ్మడికాయ దేదీప్య నెత్తికి పది నిలువుల పైన ఆగింది. పంచె ముక్క ఊడి దాని పక్కనే గాల్లో ఆగింది.

జనం గొణుక్కున్నారు. బంతి ఆగిందని మాత్రమే వాళ్ళకి తెలిసింది. సూర్యుడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. దేదీప్యకీ అంతే తెలిసింది. గ్లవ్ దించకుండానే స్టాండ్స్ వైపు తిరిగింది. తల్లి నిలబడి ఉంది, తన వైపు చూస్తూ.

"అమ్మా." మొహం ఎర్రబడింది. "వదిలెయ్ అమ్మా. నేను పట్టుకుంటా. వదిలెయ్."

కృష్ణవేణి చెప్పే వీల్లేదు. నోరు తెరిస్తే ఎనిమిది పౌండ్లు కూతురి మీద పడుతుంది. చేత్తో జరగమంది. దేదీప్య తల అడ్డంగా ఊపి, కాళ్ళు ఇంకా గట్టిగా తన్నిపెట్టి నిలబడింది.

"అది బంతి కాదే, గుమ్మడికాయే" అని సుబ్బులు అరిచింది. హెలికాప్టర్ హోరులో పక్కవాళ్ళకి కూడా వినపడలేదు. అరుస్తూనే కంచె వైపు పరిగెత్తింది, పులిహోర గిన్నెకి కాలు తగిలి తనే పడింది.

ఇరవై. ఇరవై ఒకటి. కృష్ణవేణి ఊపిరి నలభై లెక్కపెట్టేదాకా ఉంటుంది. ఇవాళ మెట్లెక్కి వచ్చింది, భయపడి ఉంది, అంత ఉండదు.

అప్పుడు రెండు చేతులూ ముందుకి చాపి, దోసిట్లో బరువేదో ఉన్నట్టు పెట్టి, గుండ్రంగా తిప్పింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. తిప్పి, రెండు చేతులూ ఎత్తి నేలకేసి కొట్టింది.

పుట్టినరోజులకీ, పరీక్షలకీ, టోర్నమెంట్లకీ ఆ చేతులు తన చుట్టూ అలాగే తిరగడం దేదీప్య చిన్నప్పట్నించీ చూసింది. చూస్తూ నిలబడింది. గ్లవ్ అడ్డం పెట్టుకుని మెల్లగా పైకి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు. ఆరు.

కృష్ణవేణి ఊపిరి వదిలింది.

గుమ్మడికాయ హోమ్ ప్లేట్ ముందు పడి పేలింది. ఎర్రనీళ్ళు మనిషెత్తు లేచాయి. దేదీప్య జెర్సీ, హెల్మెట్, రస్ ప్యాంటు, తెల్ల గీతలు, అన్నీ ఎరుపు. నాలుగు వేలమందిలో ఒక్కరూ కదల్లేదు. బ్యాండ్‌లో ఎవరో ట్రంపెట్ కింద పెట్టారు.

దేదీప్య మొహం తుడుచుకుంది. చేతికంటిన ఎరుపు వాసన చూసింది.

"సున్నం" అంది రస్‌తో. "నాకేం కాలేదు. ఇది మాది."

జనం ఎంత గట్టిగా నవ్వారంటే రేకులు అదిరాయి. కృష్ణవేణి కుర్చీ వీపు పట్టుకుని, వంగి, గాలి మింగుతోంది.

"వేణీ, ఏమైంది? ఎవరైనా చెప్పండి" అంటున్నాడు సూర్యప్రకాశరావు, బెంచీ కింద పడిన ఫోన్‌లోంచి.

*

వెర్న్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కోటు మీద ఒక గింజ అంటుకుని ఉంది. "ఇది మా తాతకి కూడా తట్టలేదు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషానికే.

"మూడో బంతి?" అంది దేదీప్య.

"మూడూ అయిపోయాయి కదా."

"అది బంతి కాదు" అన్నాడు రస్. "కూరగాయ. మూడో బంతి ట్రేవిస్ జేబులోనే ఉంది." రేడియో తీసుకుని పైలట్‌తో మాట్లాడాడు. "అక్కడే ఉండు. అంగుళం కదలకు. ట్రేవిస్‌కి చెప్పు, బంతి మాత్రమే."

తర్వాత కంచె దగ్గరికి వచ్చాడు, పన్నెండేళ్ళ కిందట వచ్చినట్టే. కృష్ణవేణి కుర్చీ మీద చెయ్యి వేసి, తిప్పుకోబోయింది.

"వద్దు" అంది దేదీప్య.

"బంతి ఆగితే కాంట్రాక్ట్ లేదు" అన్నాడు వెర్న్. "పేపర్‌లో ఉంది. నా చేతుల్లో లేదమ్మాయ్."

"తెలుసు. మా అమ్మ చూస్తుంది." తెలుగులోకి తిరిగింది. "అమ్మా, నువ్వు మాట్లాడు. సుబ్బులు ఆంటీలాగా. ఆగకుండా మాట్లాడితే ఊపిరి ఆగదు."

"నా వల్ల కాదే."

"అమ్మా. పట్టుకుంటే నువ్వు చూడాలి. పట్టుకోకపోతే ఇదే ఆఖరు. ఆఖరుది చూడవా?"

కృష్ణవేణి ఆ మొహం చూసింది. చెంప మీద ఎర్రచార, కింది పెదవి పళ్ళ కింద. ఫోన్ ఇమ్మని సుబ్బులు ముందు చెయ్యి చాపింది.

దేదీప్య వెనక్కి వెళ్ళింది. మునుపటి రెండుసార్లూ నిలబడ్డ చోటికి వెళ్ళబోయి ఆగింది. నేల వంక చూసింది. ఎర్రటి మరక హోమ్ ప్లేట్‌కి అడుగున్నర ముందుంది. పైన హెలికాప్టర్ కదలకుండా అక్కడే ఉంది. అక్కడి నించి వదిలింది వచ్చి పడేది ఇక్కడ. మరక మధ్యలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది.

"ఏమండీ, నేనండీ" అంది కృష్ణవేణి ఫోన్‌లో. "నేనే చెబుతున్నాను, సుబ్బులక్క కాదు, మీరు మధ్యలో మాట్లాడకండి, నేను ఆగకూడదు. అది ఎర్రగా ఉన్న చోట నిలబడింది, గుమ్మడికాయ పగిలిన చోట, ఇంట్లోకి రానివ్వను ఆ బూట్లతో, హెల్మెట్ సరిచేసుకుంది, పైకి చూస్తోంది, హెలికాప్టర్ ఆగే ఉంది, అతను చెయ్యి బయటపెట్టాడు, వదిలాడండీ, వదిలాడు, కనపడుతోంది, ఆవగింజంత, సన్నగా వస్తోంది, దీపూ కదలట్లేదు, కదలమని చెప్పాలనుంది, చెప్పను, ఎందుకు కదలట్లేదో దానికి తెలుసు, ఇప్పుడు నిమ్మకాయంత అయింది, చాలా వేగంగా వస్తోందండీ, నేను మాట్లాడుతూనే ఉన్నాను, వింటున్నారా, ఊపిరి తీస్తున్నాను, వదులుతున్నాను, గ్లవ్ ఎత్తింది, రెండో చెయ్యి దాని వెనక పెట్టింది, నాలుగేళ్ళప్పుడు మెట్ల మీద కూడా చేతులలాగే చాపింది, పడుతోంది, పడనీ, పడనీ, పడనీ..."

తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

దేదీప్య వెల్లకిలా పడింది. దుమ్ము లేచింది. ఎడమ చెయ్యి గుండెల మీద, దాని మీద కుడి చెయ్యి.

"పడిపోయింది, వెనక్కి పడింది, కళ్ళు తెరిచే ఉన్నాయి, రస్ పరిగెడుతున్నాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, దాని చెయ్యి తీస్తున్నాడు, గ్లవ్ తెరుస్తున్నాడు, లోపలికి చూస్తున్నాడు, ఇంకా చూస్తున్నాడు, ఏం చూస్తున్నాడండీ అంతసేపు..."

రస్ లేచి నిలబడ్డాడు. క్యాచ్ అన్నట్టు కుడి పిడికిలి ఎత్తాడు.

ఆ తర్వాత కృష్ణవేణి ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. నాలుగు వేలమంది లేచారు. వెర్న్ ఆ గీతల కోటు విప్పి గాల్లోకి విసిరాడు. సుబ్బులు ముక్కూ మొహం తెలియని ఒకాయన్ని వాటేసుకుంది. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోంచి టీం అంతా పరిగెత్తుకొచ్చి దేదీప్యని లేపి భుజాల మీదికి ఎక్కించుకున్నారు, వాళ్ళ జెర్సీలూ ఎర్రబడ్డాయి. హెలికాప్టర్ ఇంకా దిగకముందే ట్రేవిస్ గుమ్మంలోంచి చేతులు జోడించి సారీ చెబుతున్నాడు, ఎవరికో తెలియక అన్ని వైపులకీ.

చప్పుడు కాస్త తగ్గాక ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. "వేణీ? పట్టిందా?"

"పట్టింది."

"ఎలా పట్టింది?"

కృష్ణవేణి కుర్చీలో కూర్చుంది. గ్రౌండ్ వైపు తిరిగి. చేతులు వణకడం లేదు, ఆ సంగతి ఆవిడ ఇంకా గమనించలేదు.

"ఎడమ కాలు కొంచెం వెనక్కి వేసిందండీ. గ్లవ్‌ని బంతికి ఎదురు తీసుకెళ్ళలేదు, దాంతోపాటే కిందికి దించింది, పసిపిల్లని అందుకున్నట్టు. తల తిప్పలేదు. కళ్ళు ముయ్యలేదు. చివరిదాకా చూసింది."

"నువ్వో?" అన్నాడు సూర్యప్రకాశరావు.

"నేనూ" అంది.